సూది, కత్తి, కందబచ్చలి

"గంటలో వస్తాను, ఈలోగా మీరిద్దరూ ఒక మాట అనుకోండి" అని డాక్టర్ నాగభూషణరావుగారు కింద రోగుల్ని చూడ్డానికి మెట్లు దిగి వెళ్ళిపోయాక, భాగ్యశ్రీకి మొట్టమొదట గుర్తొచ్చింది ఇంటి దగ్గర కూరగాయల బుట్టలో మిగిలిపోయిన సగం కంద. ఒక సగం నిన్న వేపుడు చేసింది. రెండో సగం ఇవాళ బచ్చలాకుతో కలిపి, ఆవపెట్టి వండాలనుకుంది. వెళ్ళేముందు భర్త మణిదీప్‌కి ఇష్టమైన కూర కడుపునిండా పెట్టి వెళ్దామని. రేపు నాన్న కారేసుకుని వస్తారు, తాడేపల్లిగూడెం తీసుకెళ్ళడానికి. ఎల్లుండి నుంచి ఆషాఢం. కొత్త కోడలు, అత్తగారు ఒకే గడప దాటకూడదు కాబట్టి నెలంతా పుట్టింట్లో ఉండాలి. పెళ్ళయి పట్టుమని రెండు నెలలు కాలేదు, అప్పుడే ఆయన్ని వదిలి నెల్లాళ్ళా అని ఆమె వారం నుంచీ లోలోపల గింజుకుంటోంది. ఇప్పుడు ఏలూరులో ఈ నర్సింగ్ హోమ్ పైఅంతస్తులో, ఈ చల్లటి ఇనప కుర్చీలో కూర్చుని తలచుకుంటే, ఆ గింజుకోవడం కూడా ఎంత సుఖంగా ఉండేదో అనిపిస్తోంది. పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరినప్పుడు ఆమె బాధల్లోకెల్లా పెద్ద బాధ ఆకుపచ్చ గాజులు కొనాలా, మెరూన్ రంగువి కొనాలా అన్నది. అత్తయ్యకి గాజులకనే చెప్పి వచ్చారు కూడా.

ఎదురుగా ఉన్న తలుపు వెనక మణిదీప్ ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకుని ఉన్నాడు. చేతికి సెలైన్ పెట్టారు. ఆమెను కాసేపు బయట కూర్చోమన్నారు. తలుపు మీద ఎవరో చిన్న వెంకటేశ్వరస్వామి స్టిక్కరు అతికించారు, ఒక మూల ఊడొచ్చింది. దాన్ని లేచి వెళ్ళి అదిమి పెట్టాలని ఉంది. డాక్టరుగారి మాటలు తలలో పంకాలా తిరుగుతున్నాయి. మొలలు కావయ్యా బాబూ, మలద్వారం పక్కన చీముగడ్డ, అన్నారాయన, పప్పులో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా. పెద్దదీ కాదు, అలాగని చిన్నదీ కాదు. రెండు దారులున్నాయి. ఒకటి, ఆ చోట చర్మానికి మత్తిచ్చి లావుపాటి సూదితో చీము లాగేసి, మాత్రలు రాయడం. సాయంత్రం టీ వేళకి ఇంట్లో ఉంటారు, గాయం ఉండదు, కాకపోతే మళ్ళీ నిండే అవకాశం ఎక్కువ, పదిమందికి చేస్తే నలుగురు తిరిగొస్తారు. రెండోది, వెన్నులో మత్తిచ్చి కోసి, లోపలంతా శుభ్రం చేసి, కుట్లు వెయ్యకుండా వదిలెయ్యడం. అది అడుగు నుంచి పూడుకుంటూ పైకి రావాలి. రోజూ కడగాలి, గాజుగుడ్డ మార్చాలి, కొన్ని వారాలు పడుతుంది. అలా చేసినవాళ్ళలో తిరిగొచ్చేది పదిమందిలో ఒకరో ఇద్దరో. ఫిస్టులా అంటారే, లోపల్నుంచి పుండుకి సొరంగంలా దారి పడటం, ఆ బెడద మాత్రం ఎలా చేసినా కొందరికి తప్పదు, అందులో పెద్ద తేడా లేదు. రెండూ తప్పు కాదు, ఎంచుకోవలసింది మీరే. ఆయన ఇంకా ముగించనే లేదు, మణిదీప్ గోడవైపు చూస్తూ "సూదే చేసెయ్యండి సార్" అన్నాడు. డాక్టరుగారు కళ్ళజోడు పైనుంచి ఆమెను చూశారు. "పొద్దున్న ఇడ్లీ తిని వచ్చావు కాబట్టి కొయ్యాలన్నా సాయంత్రం దాకా ఆగాలి. తొందరేం లేదు. అమ్మాయితో మాట్లాడు. రేపు గుడ్డ మార్చాల్సింది తనే కదా."

రేపు. రేపు తను తాడేపల్లిగూడెంలో అమ్మ పక్కన కూర్చుని పనసతొనలు వలుస్తూ ఉండాలి.

కందని ఎలా మర్చిపోగలదు? పెళ్ళయిన మొదటి విందు దెందులూరులో, అత్తయ్య తమ్ముడుగారింట్లో. విస్తట్లో ఇరవై రకాలుంటే ఈయన కళ్ళు కందబచ్చలి మీదే పడ్డాయి. "ఇంకొంచెం వెయ్యండి" అని అడిగి వేయించుకున్నాడు. పక్కనున్న వదినలు నవ్వారు, కొత్త పెళ్ళికొడుకు బిడియం లేకుండా అడిగి తింటున్నాడని. భాగ్యశ్రీకి గుండె పొంగిపోయింది. తన భర్తకి ఇష్టమైన కూరేమిటో తనకి తెలిసిపోయింది, ఎవరూ చెప్పకుండా, తన కళ్ళతో తనే కనిపెట్టింది! ఆ రాత్రే అమ్మకి ఫోన్ చేసి కొలతలడిగింది. చింతపండు ఎంత, ఆవముద్ద ఎప్పుడు కలపాలి, బచ్చలి ముందా కంద ముందా. చేతులకి నూనె రాసుకుని తరిగినా దురద వదిలేది కాదు. కందలో కంటికి కనపడని సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి, అవే గుచ్చుకుని దురద పెడతాయని బి.ఎస్సీ.లో బోటనీ మేడమ్ బొమ్మ వేసి మరీ చెప్పారు, ఆ బొమ్మకి ఆమెకు మంచి మార్కులే వచ్చాయి. కానీ ఆయన ముద్ద కలిపి కళ్ళు మూసుకుని గబగబా మింగుతుంటే, ఆ కళ్ళు మూసుకోవడం చూసి, అబ్బ ఎంత ఆస్వాదిస్తున్నారో అనుకుని చేతులు చీరకొంగులో దాచుకునేది. దురద సంగతి ఒక్కసారీ చెప్పలేదు. కూరలో ప్రేమ ఉండాలిగానీ ఫిర్యాదు ఉండకూడదని ఎవరు నేర్పారో ఏమో. అత్తయ్య శేషారత్నంగారు మాత్రం కొడుకు కంద తింటున్నంతసేపూ అదోలా చూసి, మధ్యలోనే లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవారు. తన వంట ఆవిడకి నచ్చలేదేమో అని భాగ్యశ్రీ రెండుసార్లు ఏడ్చింది కూడా, చిన్నగా, కుళాయి తిప్పుకుని.

ఇవాళ పొద్దున్న పెదపాడు దాటాక స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరింది. ఆయన నోట్లోంచి ఒక కేక వచ్చింది. మనిషి కేకలా లేదు. బండి కాలవ గట్టున ఆపి హ్యాండిల్ మీద తల వాల్చాడు. నుదురు ముట్టుకుంటే పెనం. ఏమైందండీ, ఏమైందండీ అని ఆమె కంగారు పడుతుంటే, కాలవలో గుర్రపుడెక్కని చూస్తూ చెప్పాడు. మొలలనుకుంటా. పెళ్ళి పనులప్పుడే మొదలైంది. మందుల షాపులో మాత్రలు తెచ్చుకున్నా, అణిగింది. మళ్ళీ వచ్చింది. కంద తింటే మొలలు ఎండిపోతాయంటారుగా. అందుకే. భాగ్యశ్రీకి జాలి తర్వాత వచ్చింది, భయం ఇంకా తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సిగ్గు. అంటే నేను వండింది కూర కాదా? మందా?

ఆ ఒక్క నమ్మకం ఊడేసరికి మిగతావన్నీ వరసగా ఊడిపోతున్నాయి, అల్లికలో ఒక కుట్టు తెగినట్టు. బస్సులో సీటు ఖాళీ అయినా తనని కూర్చోబెట్టి ఆయన నిలబడేవాడు, ఎంత మర్యాదో అనుకుంది. బంధువుల ఇళ్ళలో సోఫా చివర ఒక పక్కకి ఒరిగి కూర్చునేవాడు, తన భుజానికి భుజం ఆనించడానికే అనుకుంది, ఆ ఒరగడానికి ఒళ్ళు పులకరించింది కూడా. బోర్లా పడుకుంటే చిన్నపిల్లాడిలా ఉన్నారని నిద్రలో ఫోటో తీసి ఫోన్లో దాచుకుంది. వాటిలో ఎన్ని నావి, ఎన్ని ఆ గడ్డవి? అన్నీ దానివేనా? ఒక్కటైనా నాది ఉండి ఉంటుంది. కొల్లేరు గట్ల మీద తాటిముంజెలు వలిచి, మొదటి ముంజె తన నోట్లో పెట్టినప్పుడు ఆయన వేలు పెదవికి తగిలింది. అది గడ్డ చేయించింది కాదు. అది నాదే. అదొక్కటి చాలు అనుకుని, అలా అనుకున్నందుకు ఆ కుర్చీలోనే ఫక్కున నవ్వొచ్చి, పక్కనున్న ముసలాయన తిరిగి చూసేసరికి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

ఫోన్ మోగింది. అత్తయ్య.

"గాజులు దొరికినయ్యా అమ్మా?"

"చూస్తున్నామండి అత్తయ్యా."

"వాడేడీ? ఎండలో తిప్పుతున్నావా?"

"లోపలున్నారండి... షాపులో."

"సరేలే. భోజనానికి వచ్చేస్తారుగా. ఆ సగం కందేదో నేను ముట్టుకోలేదు, నువ్వే వచ్చి వండుకో." ఆ 'నువ్వే' మీద కొంచెం బరువుంది. ఫోన్ పెట్టేశాక కూడా ఆ బరువు చెవిలోనే ఉండిపోయింది. షాపులో అట, షాపులో. ఎంత తేలిగ్గా వచ్చింది అబద్ధం. ఆయన దాచింది నా దగ్గర, నేను దాస్తోంది అత్తయ్య దగ్గర, ఈ గడ్డ ఇలా ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటోందా?

సూదైతే ఎవరికీ తెలియదు. అందుకే ఆయనకి సూది కావాలి. సాయంత్రానికి ఇంటికెళ్ళి, గాజులు నచ్చలేదండి అత్తయ్యా అనేస్తే అయిపోతుంది. రేపు నాన్నొస్తారు, ఆషాఢం ఆషాఢంలానే ఉంటుంది. హాల్లో వరసగా ఉన్న కుర్చీల వైపు చూసింది. సరిగ్గా పదిమంది. తలకి తువ్వాలు చుట్టుకున్నాయన, కాలికి కట్టున్న కాలేజీ అమ్మాయి, ఇందాకటి ముసలాయన... వీళ్ళందరికీ సూదితో తీశారనుకుంటే, తిరిగొచ్చే నలుగురూ ఎవరు? మొహాలు చూస్తే తెలియడం లేదు. ఆరుగురు హాయిగా ఇంటికెళ్ళిపోతారు, ఆ ఆరుగురిలో మణిదీప్ ఎందుకు ఉండకూడదు? ఉండొచ్చు. మంచివాడు. కుక్కలకి కూడా దారిస్తాడు బండి ఆపి. కానీ గడ్డకి మంచితనం ఏం తెలుస్తుంది? పోనీ నిండిందే అనుకుందాం, అప్పుడు తనెక్కడుంటుంది? గూడెంలో. రోజూ రాత్రి వీడియో కాల్ చేస్తాడు. వీడియో కాల్‌లో మొహమే కనిపిస్తుంది. నవ్వుతూ, తిన్నావా భాగ్యం అని అడుగుతూ, ఒక పక్కకి ఒరిగి, జ్వరంతో. రెండు నెలలు ఒకే మంచం మీద ఉండి కనుక్కోలేనిది అరచేతిలో పట్టేంత తెర మీద కనుక్కుంటుందా? ఇదీ ఆమె భయం. అది దేనికో ఇప్పుడు తెలిసింది. సూదికి కాదు, కత్తికి కాదు, చీముకి కాదు. ఆయన మళ్ళీ దాస్తాడని.

మరి కోస్తే? కోస్తే తను చూడాలి. పగటి వెలుతురులో ఆయన వీపు కూడా సరిగ్గా చూడలేదింకా, లైటు తియ్యండి అనేది తనే. తిన్నగా అక్కడ, పచ్చి పుండు, రోజూ. చెయ్యగలదా? గూడెం మార్కెట్లో నాన్న ఉల్లిపాయల గోడౌన్ గుర్తొచ్చింది. వానాకాలంలో బస్తాల్లో ఎక్కడో ఒక పాయ కుళ్ళేది. చిన్నప్పుడు తను గుమ్మంలోనే ముక్కు మూసుకునేది. నాన్న మాత్రం చొక్కా చేతులు మడిచి బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, ఆ మెత్తటిదాన్ని వెతికి తీసి, మిగతావి నేల మీద పోసి ఆరబెట్టేవారు. వాసన రాదా నాన్నా అంటే, వస్తుందమ్మా, కడుక్కుంటే పోతుంది అనేవారు. అంతే. కడుక్కుంటే పోతుంది.

నర్సు తలుపు తీసుకుని బయటికొచ్చింది. చొక్కా మీద క్యాథరిన్ అని పేరుంది. భాగ్యశ్రీ మెళ్ళో నల్లపూసలు చూసి నవ్వింది. "కొత్త పెళ్ళికూతురేనా అండీ? జ్వరం కొంచెం దిగింది, వెళ్ళి కూర్చోండి. అయినా ఈ మగాళ్ళున్నారు చూశారూ, పన్ను నొప్పొస్తే ఊరంతా చెప్తారు, గడ్డ ఇక్కడ లేస్తే మాత్రం దేవుడికి కూడా చెప్పరండి."

"సిస్టర్, ఆ గుడ్డ మార్చడం... కష్టమా అండీ?"

"మొదటిరోజు మీరు కళ్ళు మూసుకుంటారు, రెండోరోజు ఆయన మూసుకుంటారు. వారం తిరిగేసరికి కబుర్లు చెప్పుకుంటూ చేసేస్తారు. నేను నేర్పుతాగా." చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయింది.

లేచింది. తలుపు దగ్గర ఆగి, ఊడిపోయిన స్టిక్కరు మూలని బొటనవేలితో అదిమింది. అది అతుక్కోలేదు, అయినా అదిమింది. కొల్లేటి కోటకి వెళ్ళొస్తూ దారిలో ఆయన తన చేపల చెరువు చూపించిన రోజు ఎందుకో కళ్ళముందుకొచ్చింది. చేపలు పట్టేసిన చెరువు, చుక్క నీరు లేదు, అడుగంతా నెర్రెలిచ్చి, నెర్రెల మీద తెల్లగా సున్నం. అయ్యో, నీళ్ళెందుకు వదిలేశారండీ అని తను అడిగితే ఎంత ఉత్సాహంగా చెప్పాడు! వదిలేయలేదే పిచ్చిదానా, గండి కొట్టి తీయించాను. పైన నీళ్ళు ఇంజనుతో తోడేసి మళ్ళీ పెట్టుకుంటే అడుగున కుళ్ళు అడుగునే ఉంటుంది, కొత్తగా వేసిన చేపపిల్లకీ జబ్బొస్తుంది. అడుగు ఎండాలి, గాలి తగలాలి, అప్పుడే కొత్తనీరు. ఆ వేళ ఆ మాటల కన్నా, చెబుతున్నప్పుడు ఎగిరిన ఆ కనుబొమలే ఆమెకి నచ్చాయి. మాటలు ఇప్పుడు వినపడుతున్నాయి.

గదిలో మందు వాసన. మణిదీప్ గోడవైపు తిరిగి ఉన్నాడు. మంచానికి ఆ పక్కన, గోడకీ మంచానికీ మధ్య ఉన్న సందులోకి దూరి, అతని మొహానికి ఎదురుగా గొంతుక్కూర్చుంది. డాక్టరు, సూది, కత్తి, ఆషాఢం, అన్నీ వరసగా చెప్పాలనుకుని వచ్చింది. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరు.

"ఏవండీ, మీకు అసలు కందబచ్చలి ఇష్టమేనా?"

అతను ఆమె వైపు చూశాడు. ఆ చూపులో ఇంకో అబద్ధం లేచి నిలబడి, మళ్ళీ కూర్చోవడం ఆమెకి కనిపించింది.

"చచ్చినా ఇష్టం లేదు భాగ్యం. చూస్తేనే గొంతు దురద."

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకే దారిలో వచ్చాయి. "నాకూ చేతులు దురదేనండీ. తరిగిన ప్రతిసారీ. మర్నాటి దాకా వదలదు."

"మరి చెప్పలేదేం?"

"మీరు చెప్పారా?"

అతను కళ్ళు మూసుకున్నాడు. "నువ్వు చూడకూడదనుకున్నా. కొత్తగా వచ్చినదానివి. ఇలాంటిది... ఇలాంటిచోట... మొగుడంటే నీకు ఇదే గుర్తుండిపోతుందని."

"సూదైతే ఎవరికీ తెలియదండీ, నిజమే. మళ్ళీ నిండితే నాక్కూడా తెలియదు. నేను గూడెంలో ఉంటాను, మీరు తిన్నావా అని అడుగుతారు. ఆ పదిమందిలో నలుగురిలో మీరున్నారో లేదో అని నెలంతా మీ మొహంలో వెతుక్కుంటూ కూర్చోవాలి నేను. చెరువు నీళ్ళు పైపైన తోడితే చాలదని నాకు చెప్పింది మీరే కదా."

"అది చెరువే. ఇది..."

"దీని పేరు చెప్పడానిక్కూడా సిగ్గేనా?" అనేసరికి అతను నవ్వబోయి, నొప్పికి 'అబ్బా' అని, మళ్ళీ నవ్వాడు. ఆ నవ్వు గడ్డది కాదు. ఆమె లెక్కలో ముంజె పక్కన దాన్నీ వేసుకుంది.

"కోస్తే వారాలు పడుతుందే. ఆషాఢం. అమ్మ ఒప్పుకోదు, నువ్వు ఉండటానికి."

ఆ మాట అన్న అతనే చెయ్యి చాపాడు, ఫోన్ ఇమ్మని. సెలైన్ ఉన్న చేతికి అందక ఆమె పట్టుకుని స్పీకర్ పెట్టింది. అమ్మా, నేనే, గాజుల షాపులో కాదు, ఆసుపత్రిలో ఉన్నాం అని మొదలుపెట్టి, చెప్పాల్సిన చోటు దగ్గర ఒకసారి ఆగి, ఊపిరి తీసుకుని, మొత్తం చెప్పేశాడు. కంద సంగతితో సహా.

"ఒరేయ్," అంది శేషారత్నంగారి గొంతు, నెమ్మదిగా. "చిన్నప్పటి నుంచీ నేను బతిమాలినా కంద నాలిక్కి తగలనివ్వనివాడివి, పెళ్ళాం వండితే అడిగి తింటున్నావని, ఇన్నాళ్ళూ చూడలేక పెరట్లోకి పోయి కూర్చుంటున్నాన్రా నేను. మందుకా తిన్నావు?"

"మందుకే అమ్మా."

"హమ్మయ్య," అంది ఆవిడ, ఆ వెంటనే నాలిక్కరుచుకున్నట్టు గొంతు మార్చి, "నా బుద్ధి మండ, బిడ్డకి గడ్డ లేస్తే హమ్మయ్యేమిటి. కోయించుకో. మీ మేనమామకి అచ్చం ఇలాగే సూదితో తీయించి రెండోసారి పరుగెత్తారు. అమ్మాయుందా అక్కడ?"

"ఉన్నానండి అత్తయ్యా. కానీ గడప..."

"ఇద్దరం ఒక గడప దాటకూడదన్నారు. నువ్వే పోవాలని ఎవరన్నారు? నేను పోతాను, దెందులూరు, మా తమ్ముడింటికి. రేపు మీ నాన్న కారు ఎలాగూ తెస్తున్నారుగా, నన్నెక్కించుకుని అక్కడ దింపి పొమ్మను. ఆయన తిరిగెళ్ళే దారే."

మామయ్యగారు పోయాక అత్తయ్య ఆ ఇంట్లో తప్ప ఎక్కడా ఒక్క రాత్రి నిద్రచెయ్యలేదు. దెందులూరు విందుకొచ్చినా చీకటి పడకుండా తిరిగొచ్చేసేవారు. నెలంతా ఆవిడ ఎవరి మంచం మీదో అటూ ఇటూ దొర్లడం భాగ్యశ్రీ కళ్ళకి కట్టింది. "అత్తయ్యా, మీరు అక్కడ ఉండగలరా అండీ?" అంది.

"ఉంటాలే. మరదలు కాఫీ నీళ్ళలా పెడుతుంది, అదొక్కటే బాధ. ఇదిగో, ఈ సగం కందేం చెయ్యను?"

మణిదీప్, భాగ్యశ్రీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. "పారెయ్యి" అన్నాడతను. "పారెయ్యండి అత్తయ్యా" అంది ఆమె, అదే క్షణంలో.

మెట్ల మీద డాక్టరుగారి బూట్ల చప్పుడు. తలుపు తెరుచుకుంది. "ఏమనుకున్నారు?"

భయం పోలేదు. వెన్నులో మత్తు, కత్తి, సాయంత్రం దాకా ఎదురుచూపు, ఆ తర్వాత రోజూ పొద్దున్నే వేణ్ణీళ్ళు, గాజుగుడ్డ, ఆయన 'అబ్బా' అనడం, ఆ పదిమందిలో ఒకరో ఇద్దరో అన్న మాట, అన్నీ ఆమె కడుపులో అలాగే ఉన్నాయి. కానీ జవాబు ఆమె చెప్పలేదు. మణిదీప్ గోడవైపు నుంచి తల తిప్పాడు, వచ్చినప్పటి నుంచీ మొదటిసారి డాక్టరుగారి మొహంలోకి చూశాడు.

"కోసెయ్యండి సార్. గుడ్డ మార్చడానికి మా ఆవిడ ఉంటుంది."

నిన్నటి కంద దురద భాగ్యశ్రీ అరచేతుల్లో ఇంకా ఉంది. ఇన్నాళ్ళూ కొంగులో దాచుకున్న ఆ చేతుల్ని బయటికి తీసి, డాక్టరుగారు చూస్తున్నా, ఆయన చూస్తున్నా, ఆమె బరబరా గోక్కుంది.